ఒక్క నొక్కుకు మూడు ఐదులు

శుక్రవారం నాటి టిఫిన్ బాక్సును సోమవారం ఉదయం ఆయన సంచిలోంచి తీశాను. మూత తెరవగానే పులిసిన పెరుగన్నం కంపు ముఖాన కొట్టింది. పైన బూజు. “అందులోనే ఉందిగా, తీసుకోవాల్సింది,” అన్నారు మా ఆయన ప్రేమ్ కిరణ్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. పన్నెండేళ్లుగా ఆ బాక్సు తియ్యడం నా పనే. శుక్రవారం మాత్రం ఆ సంచి ముట్టుకోబుద్ధి కాలేదు.

తిరువూరులో ఇద్దరిదీ ఒకే ఇంజనీరింగ్ కాలేజీ. చదువూ ఒకటే. ఆయన లెక్చరర్, నేను ల్యాబ్ అసిస్టెంట్‌ని. లెక్చరర్ పోస్టుకి నేనూ అప్లై చేస్తానంటే మా అత్తగారు హన్నమ్మ, “ఇద్దరూ పాఠాలు చెప్పుకుంటా కూర్చుంటే ఇల్లెవరు చూస్తారమ్మా పుష్పలతా?” అన్నారు. ఆవిడకి టీ కావాలంటే నోరు తెరవరు, గ్లాసుతో బల్ల మీద కొడతారు. ఆలస్యమైతే టకటకా నాలుగుసార్లు. కావలసింది మాత్రం ఒక్క టీయే.

ల్యాబులో అరవై మందికి పనిచేసే ప్రాసెసర్ బోర్డులు మూడే. వినగడప, పెనుగొలను నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు వాటి ముందు నిలబడి నిలబడి గంట కొట్టగానే వెళ్లిపోయేవారు. అందుకని ఆయన నెట్‌లో ఉచితంగా దొరికే ఎమ్యులేటర్ తెచ్చారు. బోర్డు మీది ప్రాసెసర్ చేసే పనిని కంప్యూటర్లోనే చేసే ప్రోగ్రాం అది. అయితే దానికి నొక్కడానికి మీట లేదు, చూపడానికి తెర లేదు. లోపల లెక్కలు జరిగిపోతుంటాయి, బయట ఎవరికీ ఏమీ తెలియదు. ఉత్తుత్తి కీప్యాడూ, అంకెలు చూపే డిస్‌ప్లే, కూతపెట్టే బజరూ నేను రాసి తగిలించాను. నాలుగు నెలలు, మధ్యాహ్నం భోజనం వేళల్లో. అసలు మీటని ఒక్కసారి నొక్కినా లోపలి రేకు అదిరి రెండుమూడుసార్లు తగులుతుంది. కాస్త ఆగి లెక్కపెట్టమని పిల్లలు తమ ప్రోగ్రాంలో రాసుకోవాలి, లేకపోతే ఒక ఐదుకు మూడు ఐదులు పడతాయి. అది నేర్చుకోవాలనే నా ఉత్తుత్తి మీటలోనూ ఆ అదురు పెట్టాను. అత్తగారి గ్లాసు గుర్తొచ్చి ఆ రోజు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

శుక్రవారం తనిఖీకి వచ్చినవాళ్లకి ఆయన దాన్ని “నేను తయారుచేసిన ఎమ్యులేటర్” అని చూపించారు. నేను గోడవారన బిస్కెట్ల ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఐదు నొక్కారు. తెరమీద మూడు ఐదులు. “ఇదేంటండీ?” అన్నాడొకాయన. పదకొండేళ్లుగా అదే పాఠం చెబుతున్న మనిషి తడబడి, నా వైపు చెయ్యి చూపించి, “కీప్యాడ్ మాత్రం మా మిసెస్ చేసిందండి. ఆడవాళ్లకి అప్పజెబితే ఇంతేగా, సరిచేయిస్తాను,” అన్నారు. అందరూ నవ్వారు. నాకు కోపం కూడా రాలేదు, రోత పుట్టింది. నాలుగు నెలల పనిలో నేనూ ఉన్నానని ఆయన చెప్పింది అక్కడొక్కచోటే, అదీ తనకి అర్థంకాని చోట.

“పదింటికి సెకండియర్ పిల్లలకి మళ్లీ చూపించాలి. ప్రిన్సిపాల్ కూడా వస్తాడు,” అన్నారు ఇప్పుడు, దువ్వెన వెతుక్కుంటూ. “ఆ తప్పు తీసేయ్. పిల్లలకిచ్చే దీని మాన్యువల్ పుస్తకం ఇవాళే ప్రింటుకి పోవాలి.”

“అట్ట మీద నా పేరు వేశారా?”

“ల్యాబ్ అసిస్టెంట్ల పేర్లు ఎవరేస్తారు? మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏంటి?”

లోపల గ్లాసు మోగింది. కాసేపాగి, టకటకా నాలుగుసార్లు. నేను కదల్లేదు.

“మీది కానిది తీసేస్తే చాలుగా?”

“అదే చెప్తున్నా. తప్పు నీదేగా, తీసెయ్.”

ఆయన లాప్‌టాప్ తెరిచాను. నేను రాసినదంతా ముందు నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. తర్వాత కీప్యాడ్ తీసేశాను. డిస్‌ప్లే తీసేశాను. బజరూ తీసేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

“అయిందా?” అన్నారు, బూట్లు వేసుకుంటూ.

కడగని బాక్సుకి మూతపెట్టి ఆయన లాప్‌టాప్ పక్కన పెట్టాను.

“అయిందండి. ఇప్పుడు అందులో ఉన్నదంతా మీదే.”