రెండు కోర్టులు చూసిన తాళంకప్ప

నేను ఒక ఇత్తడి తాళంకప్పను. గుంటూరు పక్కన ఒక మిరపకాయల గోదాము తలుపుకు వేలాడేదాన్ని. నోరు మూసుకుని ఉండటమే నా కొలువు. ఆ నోరే ఒక్క రాత్రి సరిగ్గా మూతపడక ఏసుపాదం కొంప మునిగింది.

ఏసుపాదం ఆ గోదాముకు పగటి వాచ్‌మన్. పొద్దుగూకితే నన్ను నొక్కి, ఒకసారి లాగి చూసి, నాకున్న ఒకే ఒక్క తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని ఇంటికి పోయేవాడు. దసరాకు ఆయుధపూజనాడు యజమానికి భక్తి పొంగుకొచ్చింది. కాటాకూ, లారీకీ, నాకూ గంధం, కుంకుమ మెత్తాడు. ఆ ముద్ద కాస్తా నా కొక్కెం దిగే బెజ్జంలోకి జారింది. పూజ చేసిన బొట్టు గోకితే యజమాని ఊరుకోడు. అందులోనూ గోకేవాడు చర్చికి పోయే మనిషైతే ఇంకేమన్నా ఉందా! ఏసుపాదం దాన్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రం కొక్కెం సగమే దిగి ముద్దలో ఇరుక్కుంది. ఆయన లాగితే రాలేదు, పడిందనుకున్నాడు.

దొంగలు గట్టిగా గుంజారు, ఊడిపోయాను. తెల్లారేసరికి మిరప టిక్కీలు, అదే బస్తాలు, మాయం. నా ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. పగలని తాళం, ఒకటే తాళంచెవి, అది ఏసుపాదం మొలలో. పోలీసులు కేసు పెట్టారు. యజమాని విచారణ అని ఒకటి జరిపించి పనిలోంచి తీసేశాడు.

మేజిస్ట్రేటు గారు నన్ను వెలుతురుకు పెట్టి, బెజ్జంలోని ఎర్రటి అంటు చూశారు. తాళం సరిగా పడకపోయి ఉండొచ్చు, అనుమానం మిగిలితే ముద్దాయికే మేలు అని వదిలేశారు. ఏసుపాదం మెట్లమీద కూర్చుని ఏడ్చాడు. ఇక ఉద్యోగం వచ్చినట్టే అనుకున్నాడు పిచ్చి మారాజు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను.

ఉద్యోగం తిరిగి ఇప్పించమని లేబర్ కోర్టుకెక్కాడు. అక్కడా సాక్ష్యం నేనే, నా బెజ్జంలోని ఆ ఎర్రటి మరకే. ఈ జడ్జిగారూ మంచివారే, ఓపిగ్గానే చూశారు. కానీ అలా జరిగి ఉండొచ్చన్నంత మాత్రాన సరిపోదన్నారు. రెంటిలో ఏది నమ్మదగ్గదని చూస్తే, తాళంచెవి ఉన్నవాడే తెరిచాడనుకోవడం సబబుగా ఉందన్నారు. పనిలోంచి తీసేయడం న్యాయమేనని తీర్పిచ్చారు.

"ఆ కోర్టు నన్ను దొంగ కాదంది గదండీ. ఈ కోర్టు ఎట్టా అవునంటది?" అని ఏసుపాదం వరండాలో ప్లీడరును అడిగాడు.

"దొంగవి కాదని ఆ కోర్టూ అనలేదయ్యా, రుజువు కాలేదంది. జైల్లో పెట్టాలంటే అనుమానం మిగలకూడదు. ఉద్యోగం తీయాలంటే కాస్త మొగ్గు చాలు," అన్నాడు ప్లీడరు హనుమయ్య.

చట్టం ప్రకారం ఇద్దరు జడ్జీలూ తప్పు చేయలేదట. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ దరిద్రపు తాళం మాకొద్దన్నారు గోదామువాళ్లు. కోర్టు గుమాస్తా నన్నూ తాళంచెవినీ ఏసుపాదం చేతిలో పెట్టాడు. ఆయన మమ్మల్ని ఇంటికి తీసుకుపోయి భార్య సలోమికి ఇచ్చాడు. ఈ రెండేళ్లూ కోర్టు వాయిదాలకు ఆయన పక్కనే నిలబడిన మనిషి ఆమె. బెజ్జాన్ని పుల్లతో శుభ్రంగా గీకింది, నూనె వేసింది. తన కమ్మలూ, కూలి డబ్బులూ దాచుకునే రేకుపెట్టెకు నన్ను వేసింది. ఆ పెట్టెకు అంతకుముందు తాళమే లేదు.

తాళంచెవి కోసం ఏసుపాదం అలవాటుగా చెయ్యి చాపాడు. సలోమి దాన్ని కొంగున ముడేసుకుని, అన్నం వడ్డించడానికి లేచింది.