ఎడమ కరకట్టకు గండి

అన్నయ్య గునపంతో మొదటి దెబ్బ నా కంప్యూటర్ మీద వేశాడు. రెండోది నా నెత్తిన పడేదే. కుర్చీ అడ్డం పెట్టాను కాబట్టి దాని కాలు విరిగింది.

"నా మిల్లు ముంచడానికి నువ్వెవరివే?" అని అరిచాడు. ఒళ్లంతా బురద, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

నేను వరద అంచనాల ఆఫీసులో పనిచేస్తాను. ఎగువన పడిన వాన ఎంతసేపట్లో, ఎంత ఎత్తున మా దాకా వస్తుందో మోడల్ కట్టి చెప్పడం నా పని. ఇంకా పడబోయే వాన ఎంతో దేవుడికే తెలియాలి. అందుకని కాస్త తగ్గించీ కాస్త పెంచీ అదే నదిని వంద రకాలుగా పారించి చూస్తాను. ఆ పొద్దున వందలో ఎనభైసార్లు నీళ్లు కుడి కరకట్ట పొర్లి ఊరి మీద, ఆసుపత్రి మీద పడ్డాయి. ఎడమ కరకట్టకు ముందే గండి కొడితే ఊరు దక్కుతుంది. ఎడమవైపు ఉన్నవి పొలాలు, కొన్ని ఇళ్లు, మా అన్నయ్య కలప కోత మిల్లు. మనుషులందరినీ ఖాళీ చేయించాం. వదిన కూడా అక్కడి ఇల్లు వదిలి వచ్చేసింది. ఈ మహానుభావుడు ఒక్కడే గునపం పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

"నూటికి ఎనభై అన్నావటగా? మిగతా ఇరవై మాటేంటి? ఆ ఇరవైలో గండి లేకుండానే ఊరూ, నా మిల్లూ రెండూ బతుకుతాయి కదే!"

"ఎనభైలో ఊరు చస్తుంది. మంచం మీంచి లేవలేనివాళ్లు ఉన్నారక్కడ, అన్నయ్యా."

"గండి కొడితే నాకు నూటికి నూరు. అది కూడా రాసుకో నీ లెక్కలో!"

నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు మాట్లాడేవాణ్ణి క్షమించగలను గానీ, అలాంటప్పుడు నిజం మాట్లాడేవాణ్ణి భరించలేను. గండి కొట్టమని పెద్ద ఇంజినీరు అప్పటికే సంతకం పెట్టేశాడని చెప్పాను. అన్నయ్య నన్ను గోడకేసి నెట్టి, కరకట్ట వైపు పరిగెత్తాడు.

నేను వెనకే పరిగెత్తాను. వెళ్లేసరికి జేసీబీ డ్రైవర్ని కిందికి లాగి మొహం మీద గుద్దుతున్నాడు. పాపం, ఆ డ్రైవర్ చేసిన తప్పేమిటి? నోరంతా రక్తం. నీళ్లు గట్టు అంచుకు మూరెడు కిందే ఉన్నాయి, చెట్లకు చెట్లే కొట్టుకుపోతున్నాయి.

"అన్నయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను, పక్కకి రా."

"గొంతు కోసేదానివి కాళ్లెందుకు పట్టుకోవడం?" అంటూ డ్రైవర్ మీద గునపం ఎత్తాడు.

నీటి మట్టం కొలిచే ఇనపకర్ర ఒకటి గట్టు మీద పడి ఉంది. అది తీసుకుని అన్నయ్య కుడి మణికట్టు మీద బలంకొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అన్నయ్య వంగి నా మోచేతిని కొరికాడు, కండ ఊడి వస్తుందేమో అన్నంత గట్టిగా. మోకాలి మీద ఇంకొకటి వేశాను. కూలబడ్డాడు. డ్రైవరూ నేనూ చెరో కాలు పట్టుకుని బురదలో ఈడ్చుకుపోయాం. డ్రైవర్ రక్తం ఉమ్మేసి యంత్రం ఎక్కాడు.

కొంచెం తవ్వాడో లేదో, మిగతా పని నదే చూసుకుంది. డ్రైవర్ వెనక్కి దూకకపోతే అతనూ పోయేవాడు. నీళ్లు మిల్లులోకి దూరాయి. దుంగలన్నీ పైకి లేచి లోపల్నుంచి గోడల్ని కుమ్మాయి. రేకుల కప్పు కాసేపు తేలింది, తర్వాత అదీ లేదు. అన్నయ్య విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కొట్టుకుపోతున్న దుంగల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. నాకు దానికే భయమేసింది.

మధ్యాహ్నానికి ఎగువన వాన ఆగిపోయింది. ఊళ్లో చుక్క నీరు చేరలేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. కానీ పడిన వాన ఎంతో ఇప్పుడు తెలుసు కదా, దాన్నే ఆఫీసులో ఇంకో కంప్యూటర్ మీద మోడల్‌కిచ్చి, ఈసారి గండి కొట్టకుండా నదిని పారించాను. నీళ్లు కుడి గట్టు అంచుకు జానెడు కిందే ఆగాయి. వచ్చింది ఆ ఇరవైలో ఒకటి.

"ఎవరూ అడగలేదు కదా, నోరు మూసుకో," అన్నాడు పెద్ద ఇంజినీరు.

మిల్లు పోయినవాడికి చెప్పకుండా ఎలా ఉంటాను? ఆసుపత్రికి వెళ్లాను. అన్నయ్య కుడిచేతికి కట్టు, పక్కన వదిన. ఏదీ దాచకుండా చెప్పాను.

"అంటే నా మిల్లు ఉత్తపుణ్యానికి పోయింది."

"అవును."

"మళ్లీ ఎనభై వస్తే?"

"మళ్లీ గండి కొట్టమనే చెప్తాను. నువ్వు అడ్డమొస్తే మళ్లీ చెయ్యి విరగ్గొడతాను."

ఎడమచేత్తో లాగి కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఏడుపు ఆగలేదు, మాట మాత్రం మార్చుకోలేదు. ఇంకోసారి ఎత్తిన అతని చేతిని వదిన పట్టుకుంది. నా వైపు చూడకుండానే అంది.

"వచ్చే వానలకి మమ్మల్ని ఎక్కడ ఉండమంటావో, అదైనా ముందే లెక్కేసి చెప్పు తల్లీ."