సువర్ణ గొంతు

జూమ్ చేసేవాడంటే నాకు ఒళ్ళు మంట. పెళ్ళికూతురి కళ్ళలో నీళ్ళు తిరిగితే చాలు, సర్రున ముఖం మీదికి వెళ్ళిపోతాడు. ఒరే, నీకు కాళ్ళు లేవా? నాలుగడుగులు ముందే వేసి అక్కడ నిలబడు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీయకు, కళ్ళ కింద గుంటలు పడతాయి. ఫోకస్ కంటి మీద ఉండాలి, ముక్కు మీద కాదు. షాట్ అయిపోయిందనుకున్నాక కూడా మనసులో పది లెక్కపెట్టుకుని అప్పుడు ఆపు. అవనిగడ్డ నుంచి బందరు దాకా వీడియోలు తీసేవాళ్ళలో సగంమందికి ఈ నాలుగు ముక్కలూ నేర్పింది నేనే. యేసుదాసు గారు చెప్పారంటే ఇక తిరుగు లేదనేవాళ్ళు.

సౌండ్ గురించి కూడా నేను చెప్పేది ఒకటుంది. దాంతో మనకేం పని? జనరేటరు మోత, బ్యాండు మోత, పిల్లల ఏడుపులు. అంతా తీసేసి పాట వేసెయ్. ముప్ఫై ఏళ్ళు నేనూ అదే చేశాను. పెళ్ళిళ్ళకీ, బాప్తిస్మాలకీ, సమాధి కార్యక్రమాలకీ పాటే. పాట వేసిన కాపీ ఒక్కటి దాచి, మిగతాదంతా తుడిచేసి ఆ టేపో కార్డో మళ్ళీ వాడుకునేవాణ్ణి.

ఆగస్టులో నా భార్య సువర్ణ ప్రభువునందు నిద్రించింది. ఆదివారం పొద్దున చర్చికి చీర కట్టుకుంటూ, గుండె పట్టుకుని మంచం మీద కూర్చుంది. నేను ఆటో పిలుచుకొచ్చేలోపే అంతా అయిపోయింది. ఇరవయ్యేడేళ్ళు కాపురం చేసిన మనిషి నాకొక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది.

మా క్రైస్తవుల్లో మనిషి పోయాక ఇంటివాళ్ళని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెడతారు, ఆ రోజున పోయినవాళ్ళ వీడియో వేస్తారు. చర్చిలో తెర కట్టి ఓ పది నిమిషాలు. ఊళ్ళో ఎవరు పోయినా అది చేసిపెట్టేది నేనే. ఇప్పుడు నా ఇంటికే చేసుకోవాల్సి వచ్చింది. మా అమ్మాయి ఏంజెల్ బందరులో నర్సు. కూడికకు రెండు రోజుల ముందు నా కంప్యూటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"నాన్నా, ఈసారి పాటలొద్దు. అమ్మ మాట్లాడింది పెట్టు."

"ఏం మాట్లాడింది పెట్టమంటావు?"

"ఏదో ఒకటి. నన్ను తిట్టిందైనా సరే. అమ్మ గొంతు మర్చిపోతానేమోనని భయంగా ఉంది నాన్నా."

నా డిస్కుల్లో అన్నీ పాటలేనని గుర్తొచ్చింది. పైకి మాత్రం "అదెంత పనిలే" అన్నాను.

సువర్ణది బటన్ల ఫోను, అందులో ఏమీ ఉండదు. ఏంజెల్ ఎప్పుడైనా తన ఫోను ఎత్తి వాళ్ళమ్మని తీయబోతే, "ఫోనుతో తీస్తే అదొక వీడియోనా" అని కసిరి దింపించింది కూడా నేనే.

ఏంజెల్ మొదటి పుట్టినరోజు పెట్టాను. సువర్ణ కేకు ముక్క పట్టుకుని పిల్లని ఏదో ముద్దు చేస్తోంది. పైన పాట. మా ఇరవయ్యో పెళ్ళిరోజు పెట్టాను. బంధువులతో పరాచికాలాడుతోంది. పాట. సండే స్కూలు పిల్లలకు వాక్యం నేర్పుతూ నోరు తెరుస్తుంది, వేణువు వినిపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికల్లా ఇంట్లో ఉన్న డిస్కులన్నీ చూసేశాం. ఆ పాటలు వేసిన నా చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

చివరికి సొరుగులో ఒక కార్డు దొరికింది, ఎడిట్ చేయడానికి బద్ధకించి వదిలేసింది. పోయిన డిసెంబరులో కొత్త కెమెరా ఎలా ఉందో చూద్దామని హంసలదీవి వెళ్ళినప్పుడు తీశాను. కృష్ణ సముద్రంలో కలిసేచోట సువర్ణ నిలబడి ఉంది. పక్క నుంచి సాయంత్రపు ఎండ, గాలికి ఎగురుతున్న పైట. నావైపు తిరిగి, నవ్వుతూ ఏదో చెబుతోంది. నా జన్మలో అంత మంచి షాట్ తీయలేదు.

"సౌండ్ పెంచు" అంది ఏంజెల్, కళ్ళు తెర మీంచి తిప్పకుండా.

"రాదమ్మా. స్లో మోషన్‌లో తీశాను. అలా తీస్తే ఈ కెమెరా సౌండ్ తీసుకోదు."

"తీసేటప్పుడే నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసు."

నలభై సెకన్ల క్లిప్పు. మామూలు వేగానికి మారిస్తే ఎనిమిది సెకన్లయింది. మాట పడిపోయిన పేషెంట్ల పెదాలు చూసి వాళ్ళకేం కావాలో కనిపెట్టే పిల్ల ఏంజెల్. పదిసార్లు వెనక్కి జరిపి చూసింది. మొదటి మాట "ఏమండీ". అది ఇద్దరికీ తెలిసింది. తర్వాత పైట ఎగిరి నోటికి అడ్డం వచ్చింది.

"నువ్వు అక్కడే ఉన్నావుగా నాన్నా. అమ్మ ఏమంది?"

నేను నాలుగు బారల దూరంలో ఉన్నాను. ఎంత తవ్వుకున్నా ఏమీ గుర్తు రాలేదు. మర్చిపోయానంటే అబద్ధం, అసలు వినలేదు. ఆవిడ చెప్పడం పూర్తయ్యాక బొటనవేలు ఎత్తి "సూపర్" అన్నాను. అది మాత్రం గుర్తుంది.

"ఫోకస్ చూసుకుంటున్నానమ్మా" అన్నాను.

ఏంజెల్ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ తను ఏడుస్తుంటే వినిపించింది. నేనూ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను. లేచి వెళ్ళి ఓదార్చే ముఖం నాకు లేకపోయింది.

కూడిక రోజు చర్చి నిండిపోయింది. ఆ ఒక్క క్లిప్పే వేశాను, పాట లేకుండా. తెర మీద సువర్ణ నావైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. జనం కాసేపు చూసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మైకుసెట్టు యుగంధర్ కంగారుపడి స్పీకర్ల దగ్గరికి పరుగెత్తాడు. ఒక్కో వైరూ పీకి, మళ్ళీ గుచ్చి చూస్తున్నాడు.

"సౌండ్ రావట్లేదండీ. ఎక్కడో వైరు ఊడినట్టుంది, ఒక్క నిమిషం ఆపండి."

నేను లేచి నిలబడ్డాను.

"వైర్లు బాగానే ఉన్నాయి యుగంధర్. ఆవిడ చెప్పింది. నేనే వినలేదు."