వడ్రంగి షాపు పైవాటా

ఇల్లు అమ్మేశామని, నెలలో ఖాళీ చెయ్యాలని ఓనరు చెప్పిన రోజే ఆమె ఇళ్ల వేట మొదలుపెట్టింది. ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుట్టే టైలరు ఆమె. తోడు తండ్రి ఒక్కడే. ఆయన ముప్పై ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఆయన గుసగుసలాడినా వీధి చివరిదాకా వినపడుతుంది.

మొదటి ఇంట్లో అన్నీ కుదిరాయి, కుట్టుమిషను సంగతి తెలిసేదాకా. "నెత్తి మీద రోజంతా టకటకలాడితే మేమెక్కడికి పోవాలమ్మా?" అంది కింద ఉండే ఓనరమ్మ.

రెండో ఇంటాయన మిషనుకి ఒప్పుకున్నాడు. ఈలోగా తండ్రి గోడ తడిమి, కూతురి చెవిలో రహస్యం చెబుతున్నాననుకుంటూ, "చెమ్మ కనపడకుండా రంగు పూశాడే మహానుభావుడు!" అన్నాడు. మహానుభావుడి ముఖం మాడిపోయింది. బయటికొచ్చాక ఆమెకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. గడువు ఇంకా పదకొండు రోజులే.

మూడోది వడ్రంగి షాపు పైన రెండు గదుల వాటా. మెట్లనిండా రంపపు పొట్టు. కింద కోత మిషను మోగితే కిటికీ అద్దాలు వణికాయి.

"పగలంతా ఇదే మోత," అన్నాడు వడ్రంగి మేస్త్రి, ఏమీ దాచకుండా. "ముందున్నవాళ్లు రెణ్ణెల్లకే మూటాముల్లే సర్దుకున్నారు."

"మాదీ మోత సంసారమే మేస్త్రిగారూ. చప్పుడుతో మాకేం ఇబ్బంది లేదు. అద్దెతోనే."

ఆయన కొంత తగ్గించాడు. అయినా అందలేదు. దిగివస్తుంటే షాపులో ఒకదాని మీద ఒకటి పేర్చిన సోఫా ఫ్రేములు కనపడ్డాయి.

"వీటికి కవర్లు ఎవరు కుడతారండీ?"

"పక్క ఊళ్లో ఒకడున్నాడు. చెప్పిన రోజుకి ఒక్కసారీ ఇవ్వడు. నా ప్రాణం తోడేస్తున్నాడు."

"ఒకటి నాకిచ్చి చూడండి. నచ్చకపోతే మళ్లీ మీ గుమ్మం తొక్కను."

ఆయన ఎగాదిగా చూసి, ఒక కుర్చీ కొలతలూ మందపాటి బట్టా చేతిలో పెట్టాడు.

పల్చటి బట్టకి అలవాటుపడ్డ మిషను మొరాయించింది. మధ్యాహ్నానికి మూడు సూదులు విరిగాయి. "మన వల్ల కాదు నాన్నా," అని ఆమె తల పట్టుకుంది. తండ్రి ఆమె పెదవులు చూసి గ్రహించాడు. స్టూలు లాక్కుని కూర్చుని, "తొక్కు," అన్నాడు. మిషను మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ వణుకులో ఏదో పోల్చుకుని ఒక మర కొద్దిగా తిప్పాడు, చుక్క నూనె వేశాడు, లావు సూది పెట్టమన్నాడు.

"చివరి పదేళ్లూ మిషన్ల రోగం ఇలాగే పట్టేవాణ్ణి. చెవులతో పనేముంది?"

సాయంత్రానికి కుట్టు తిన్నగా, బిగువుగా పడింది.

మర్నాడు మేస్త్రి ఆ కవరుని అటూ ఇటూ లాగి చూసి, భార్యని పిలిచాడు. ఆవిడ మూలల్లో వేళ్లు పెట్టి చూసింది. "ఇంకా ఏం చూస్తావయ్యా? తాళంచెవి ఇవ్వు. ఆ పక్కూరివాడి పీడ వదిలింది."

నెలనెలా కవర్ల పని ఖాయమైంది. అడ్వాన్సు రెండు విడతల్లో ఇమ్మన్నారు. ఆమె మనసులోనే కూడికలు వేసుకుంది. బొటాబొటీగానే, కానీ సరిపోతుంది.

ఆదివారం సామాను చేరింది. తండ్రి కిటికీ పక్కన మిషనుకి చోటు చూపించి, తన మంచం తనే మూలకి ఈడ్చుకున్నాడు. అంతలో మేస్త్రి సుత్తి, రెండు పలకలు పట్టుకుని పైకొచ్చాడు.

"మిగిలిన చెక్కమ్మా. గోడకి అరలుగా పనికొస్తుంది. ఎక్కడ కొట్టమంటావు?"

తన గోడకి తనే మేకు కొడతానన్న ఓనరుని ఆమె ఇంతవరకూ చూడలేదు. నాలుగు గోడలూ తీరిగ్గా చూసుకుంది.

"అక్కడ," అంది. "కాస్త ఎత్తుగా."