వీడియోలో బాపక్ పలకరింపు

మా సెమరాంగ్ విశ్వవిద్యాలయంలో సిద్ధాంత వ్యాసాన్ని లైబ్రరీ సైటులోకి ఎక్కించనివాళ్లకు పట్టా రాదు. అదెలా ఎక్కించాలో కంప్యూటర్ తెర మీద చూపిస్తూ, నా గొంతుతో చెబుతూ వీడియోలు చేసేది నేనే. బాగా చేస్తాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

అయినా పోయినసారి వీడియోను ఎవరూ చూడలేదు. అందరూ వచ్చి కౌంటర్ మీద పడ్డారు. కారణం మా లైబ్రరీ పెద్ద సుతిక్నో గారు. అందరం బాపక్, అంటే అయ్యగారు, అని పిలుస్తాం. ఆయనకు సభా మర్యాద అంటే ప్రాణం. వీడియో మొదట్లో ఆయన తన గొంతుతో, విశ్వవిద్యాలయ పెద్ద అయిన రెక్టర్ మొదలుకొని డీన్ల దాకా పేరుపేరునా గౌరవం చెప్పాల్సిందే. ఆ వరస సగానికి రాకముందే పిల్లలు ఫోన్ కట్టేశారు. ఈసారీ కౌంటర్ దగ్గర గుంపు కనిపిస్తే వీడియోల పని బయటి కంపెనీకి ఇచ్చేస్తామని పైనుంచి కబురొచ్చింది. నా పని ఇంకొకరికి ఇస్తారా! నాకు ఒళ్లు మండిపోయింది.

"బాపక్, మీ పలకరింపు తీసేద్దామండీ," అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఇంటికొచ్చినవాళ్లని కూర్చోమనకుండానే అన్నం వడ్డిస్తావా వెనింగ్?"

"మన ఇంటికొచ్చినవాళ్లు గుమ్మంలోంచే పారిపోతున్నారు కదా!"

"పోతే పోనీ. మర్యాద పోకూడదు."

ఆయనతో వాదించి లాభం లేదు. గది తలుపేసుకుని, మైకు పెట్టుకుని, తెరను రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఫైలు ఎంచుకుని బటన్ నొక్కాను. ఫైలు ఎంతవరకు ఎక్కిందో చూపే నీలం గీత సగం దాకా వచ్చి ఆగింది. ఆగినట్టు కనిపిస్తుందంతే, లోపల పని జరుగుతూనే ఉంటుంది. మామూలుగా అయితే ఆ ఖాళీని కత్తిరించి పారేస్తాను. అప్పుడు తట్టింది. పిల్లలు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే! ఆగిపోయిందనుకుని పేజీ మూసేస్తారు, ఫైలు పోతుంది, ఏడుపు మొహాలతో నా దగ్గరికొస్తారు.

ఈసారి కత్తిరించలేదు. బాపక్ పలకరింపు మొత్తం తెచ్చి ఆ ఖాళీలో పెట్టాను. దానికి ముందు నా గొంతుతో చెప్పాను: "ఇప్పుడు దేన్నీ ముట్టుకోకండి. బాపక్ మాట్లాడతారు. ఆయన ముగించేదాకా పేజీ మూయకండి. ఈలోగా మీ ఫైలు ఎక్కిపోతుంది."

"నన్ను మధ్యలో పడేశావా?" అని వీడియో చూసిన బాపక్ మూతి ముడిచారు.

"పెద్దవాళ్లకు మధ్యలోనే కదండీ కుర్చీ వేసేది!"

ఆయన నవ్వలేదు గానీ కాదనలేదు.

గడువు రోజు రానే వచ్చింది. కౌంటర్ దగ్గర నరమానవుడు లేడు. బాపక్ కంగారుగా బయటికొచ్చారు. "ఎవరూ రాలేదేం? వ్యాసాలు ఎక్కించడమే మానేశారా?"

"ఒక్కసారి హాల్లోకి రండి."

చదువుకునే హాలంతా ల్యాప్‌టాప్‌లే. ప్రతిదాని పక్కనా ఒక ఫోన్. ఒక మూల నుంచి బాపక్ గొంతు, "గౌరవనీయులైన రెక్టర్ గారికి..." ఇంకో మూల నుంచి అదే గొంతు, "గౌరవనీయులైన డీన్ గారికి..." పిల్లలు చేతులు ఒళ్లో పెట్టుకుని, నీలం గీతనే చూస్తూ బుద్ధిగా వింటున్నారు. ఒకమ్మాయి ఆయన్ను చూసి గబుక్కున లేచింది.

"బాపక్! మీరు నిదానంగా చెప్పబట్టి బతికిపోయాం. పోయినసారి మా అక్క తొందరపడి పేజీ మూసేసి ఒకటే ఏడుపు!"

"చివరిదాకా వింటున్నారా?"

"వినకపోతే పట్టా ఎలా వస్తుందండీ!"

నా ఛాతీ పొంగింది. ఇక ఈ పని నా చేతుల్లోంచి ఎవరూ తీసుకోలేరు. బాపక్ మాత్రం బాతిక్ చొక్కా సర్దుకుని గోడ పక్కనే నిలబడిపోయారు. హాల్లో ఒక్క ఫోన్ మోగినా గుడ్లురిమే మనిషి, అన్ని ఫోన్లు ఒకేసారి మాట్లాడుతున్నా ఎవరినీ కసరలేదు.