హాక్స్‌లాండ్ గారి అభిప్రాయం

డాక్టర్ ఐవిన్ హాక్స్‌లాండ్‌ను వెండెల్ ప్రుష్కా ఒక మంగళవారం మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ పుట్టించాడు.

అప్పటికి వెండెల్‌కు వేరే దారి లేదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒక చిన్న విశ్వవిద్యాలయంలో అతను అసిస్టెంట్ ప్రొఫెసర్. మంచు కరిగే నాటికి టెన్యూర్ కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు ఔనంటే రిటైరయ్యే దాకా ఆ కుర్చీ అతనిదే. కాదంటే కొద్దిపాటి గడువిచ్చి పంపేస్తారు. వాల్‌ఐ చేపల పొలుసుల మీద పరిశోధన చేసినవాణ్ణి ఇంకెవరూ పిలిచి ఉద్యోగమివ్వరు. కమిటీకి చూపించడానికి పేపర్లు కావాలి. అతని పేపర్లేమో ఊరికి చేరువలోనే ఉన్న ఒక జర్నల్లో నెలల తరబడి పడి ఉన్నాయి.

ఆ జర్నల్‌కు ఎడిటర్ హార్లన్ ట్వైట్. రిటైరైన ప్రొఫెసర్, మంచి మనిషి, ఎవర్నీ అనుమానించడు. పేపర్ పంపేవాళ్ళు, దాన్ని ఎవరు రివ్యూ చేస్తే బాగుంటుందో కూడా సూచించాలని అక్కడ నియమం. పరీక్ష రాసేవాణ్ణే దిద్దేవాడి పేరు అడిగినట్టు ఉంటుంది గానీ, ట్వైట్ బాధ ట్వైట్‌ది. రివ్యూ చేయమని ఎంతమందికి రాసినా ఎవరూ పలకరు.

వెండెల్ ఒక పేరు సూచించాడు. ఐవిన్ హాక్స్‌లాండ్, నార్వే, విశ్రాంత శాస్త్రవేత్త. ఆ పేరు మీద ఒక ఈమెయిల్ అడ్రసు కూడా తనే తెరిచాడు. ట్వైట్ అడగ్గానే హాక్స్‌లాండ్ ఒప్పుకున్నాడు. వారం తిరక్కుండా రివ్యూ పంపాడు. పేపర్ అద్భుతమన్నాడు. నమ్మకం కుదరడానికి రెండో పట్టికలో తప్పు ఉందని మందలించాడు. ఆ తప్పు వెండెల్ ముందే కావాలని పెట్టుకున్నాడు.

చిక్కు అక్కడే మొదలైంది. టైముకి పని చేసే రివ్యూయర్ దొరికితే ఏ ఎడిటరూ వదులుకోడు. ట్వైట్ మిగతావాళ్ళ పేపర్లు కూడా హాక్స్‌లాండ్‌కే పంపసాగాడు. కాదంటే అనుమానం వస్తుందని వెండెల్ అన్నీ చదివాడు. తనవి కావు కాబట్టి నిజాయితీగా చదివాడు. పనికిమాలినవాటిని నిర్దాక్షిణ్యంగా తిప్పికొట్టాడు. కొన్నాళ్ళకే ఆ రంగంలో హాక్స్‌లాండ్ అంటే భయం, భక్తి రెండూ ఏర్పడ్డాయి. అసలాయన ఏం రాశాడని ఎవరూ వెతకలేదు, అడగలేదు. అడిగితే తమకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది.

ఒక శుక్రవారం క్లబ్బులో చేప వేపుడు ముందు కూర్చుని ట్వైట్ గొంతు తగ్గించాడు.

"మన జర్నల్లో ఒక దొంగ ఉన్నాడు వెండెల్. దొంగ పేరు పెట్టుకుని తన పేపర్‌ను తనే రివ్యూ చేసుకుంటున్నాడట. విస్కాన్సిన్ నుంచి ఒకావిడ ఫిర్యాదు రాసింది."

వెండెల్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఎవరో తెలిసిందా?"

"అది తేల్చడానికే విచారణ వేశాను. దానికి పెద్దగా హాక్స్‌లాండ్‌ను ఉండమన్నాను. ఆయన కంటికి ఏదీ ఆనకుండా పోదు. కానీ పొద్దున రాస్తే ఇంకా జవాబు లేదు. ఎప్పుడూ ఇలా చేసే మనిషి కాదు."

వెండెల్ చేతులు కడుక్కుని వస్తానని లేచి వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి ట్వైట్ వెలిగిపోతున్న మొహంతో ఫోన్ చూపించాడు.

"ఒప్పుకున్నాడు. పెద్దమనిషి అంటే అలా ఉండాలి. నువ్వూ నేర్చుకో."

నేర్చుకుంటానన్నాడు వెండెల్.

విచారణ అంటే ఎవరో ఒకరు దొరకాలి, లేకపోతే విస్కాన్సిన్ ఆవిడ ఊరుకోదు. పాత రివ్యూలన్నీ ముందేసుకుని వెతికితే వెండెల్‌కు నిజంగానే ఇద్దరు దొరికారు. ఒకడు లేని ప్రొఫెసర్‌ను ఫిన్లాండ్‌లో సృష్టించాడు. రెండోవాడు మరీ బద్ధకస్తుడు, చచ్చిపోయిన తన గురువు పేరు వాడుకున్నాడు. హాక్స్‌లాండ్ ఇద్దర్నీ చీల్చి చెండాడాడు. ఇలాంటివాళ్ళ వల్లే శాస్త్రం పరువు పోతోందని రాశాడు. రాస్తున్నంతసేపూ వెండెల్‌కు ఒళ్ళు మండిపోయింది, ఆ కోపం నిజమైనదే. ప్రుష్కా పేపర్లను కూడా క్షుణ్ణంగా పరిశీలించాననీ, వాటిలో చిన్న మచ్చ కూడా లేదనీ చివర్లో ఒక వాక్యం చేర్చాడు.

ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయి. నివేదిక నకలు టెన్యూర్ కమిటీకి అందింది. వెండెల్ గట్టున పడ్డట్టే కనిపించాడు. అంతలో ట్వైట్ ఫోన్ చేసి, తాత ముత్తాతల ఊరు చూడ్డానికి నార్వే వెళ్తున్నాననీ, అక్కడే హాక్స్‌లాండ్ ఇంటికి స్వయంగా వెళ్ళి సత్కరిస్తాననీ, టికెట్ కూడా తీసేశాననీ చెప్పాడు.

ఇక హాక్స్‌లాండ్ చావక తప్పలేదు. పడవలో చేపలు పడుతుండగా గుండె ఆగిందని ఆయన మేనల్లుడి పేరుతో ట్వైట్‌కు ఈమెయిల్ వచ్చింది. అంత్యక్రియలు కూడా ముగిశాయని అందులోనే ఉంది.

ట్వైట్ ఏడ్చాడు. జర్నల్ సంతాప సంచిక వేసింది. వెండెల్ దాన్ని తెరిచి నిర్ఘాంతపోయాడు. లేని మనిషితో అందరికీ పరిచయముంది. ఒకాయన హాక్స్‌లాండ్‌తో కలిసి వల వేశాడు. మరొకామె ఆయన చేతి చేపల పులుసు తింది. ఆయన పిడేలు వాయిస్తుంటే విన్నామని ఇద్దరు రాశారు. వాయించిన పాట దగ్గర మాత్రం వాళ్ళిద్దరికీ పొత్తు కుదరలేదు. చదివేకొద్దీ వెండెల్ గుండె కుదుటపడింది. ఇంతమంది కలిసిన మనిషిని లేడని ఇక ఎవరంటారు?

టెన్యూర్ కమిటీ కూర్చుంది. చివర్లో అభ్యర్థిని లోపలికి పిలిచి మాట్లాడడం అక్కడి అలవాటు. జర్నల్ తరఫున ట్వైట్ కూడా వచ్చాడు. అధ్యక్షుడు వెండెల్ పేపర్లను మెచ్చుకుని, ఎవరైనా ఏమైనా చెబుతారా అని అడిగాడు.

బెర్నిస్ లోఫ్‌గ్రెన్ కళ్ళజోడు తీసింది. వెండెల్ డిపార్ట్‌మెంట్‌లోనే సీనియర్ ప్రొఫెసర్. అతని కుర్చీలో తన పాత శిష్యుణ్ణి కూర్చోబెట్టాలని ఆవిడకు ఎప్పటినుంచో ఉంది. సంతాప సంచికలో అందరికంటే పొడవైన వ్యాసం కూడా ఆవిడదే.

"చెప్పకూడదనుకున్నాను. కానీ ఐవిన్ బతికుంటే చెప్పమనేవాడు. నేను నార్వే వెళ్ళినప్పుడు బెర్గెన్‌లో భోజనం చేస్తూ నీ మాట ఎత్తాడు వెండెల్."

"ఏమన్నారు?" అన్నాడు వెండెల్.

"కుర్రాడు మంచివాడే గానీ పనిలో సరుకు లేదు బెర్నిస్, జాలిపడి మంచి రివ్యూలు రాస్తున్నాను అన్నాడు. రెండో పట్టికలో తప్పు చూసి నవ్వొచ్చిందట."

ఆ తప్పు సంగతి కమిటీకి వచ్చిన జర్నల్ ఫైళ్ళు చూసిన ప్రతివాళ్ళకూ తెలుసు.

"ఆయన అలా అనలేదు."

"నీకెలా తెలుసు బాబూ? ఆయన్ని కలిశావా?"

గదిలో అందరూ అతనివైపు చూశారు. వెండెల్ ట్వైట్ వైపు చూశాడు. ట్వైట్ బాధగా తల ఊపి, ఐవిన్ అబద్ధమాడే మనిషి కాదని మెల్లగా అన్నాడు.

నిజం చెబితే ఉద్యోగంతో పాటు పరువు కూడా పోతుంది. ఆవిడ ఎవర్నీ కలవలేదని రుజువు చేయగలిగినవాడు లోకంలో ఒక్కడే, వాడు నోరు తెరవకూడదు.

"లేదు," అన్నాడు వెండెల్. "నాకా అదృష్టం కలగలేదు."

ఓటింగుకు ముందు హాక్స్‌లాండ్ గారి స్మృతిలో కాసేపు మౌనం పాటిద్దామన్నాడు అధ్యక్షుడు. అందరూ లేచి నిలబడ్డారు. వెండెల్ కూడా తల వంచాడు. తర్వాత అతన్ని బయటికి పంపి ఓటేశారు. అతని వైపు ఒక్క చెయ్యి కూడా లేవలేదు.