చెల్లి అడిగిన గ్లౌజులు

మా లాండ్రీకి రోజూ మూడు ఆసుపత్రుల దుప్పట్లు వస్తాయి. మిషన్లో వెయ్యకముందు ఒక్కోదాన్నీ విదిలించి, మడతల్లో ఏముందో చేత్తో తడిమి చూడాలి. దూది ఉంటుంది, కట్లు ఉంటాయి, ఒక్కోసారి ఎవరో మర్చిపోయిన సూదులు కూడా ఉంటాయి. మందపాటి గ్లౌజులు తొడుక్కుంటే పని సాగదని యజమాని ఇవ్వడు. పన్నెండుమంది ఆడవాళ్లం ఒట్టి చేతులతోనే తడిమేవాళ్లం.

ఆ యజమానే మా చర్చిలో సంఘ పెద్ద. చొక్కా మీద ఒక్క ముడత కనిపించదు కాబట్టి ఆయన వినకుండా ఇస్త్రీ పెద్ద అంటాం. ఆదివారం రొట్టె, ద్రాక్షరసం గిన్నె పెట్టే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ మా లాండ్రీలోనే ఉతికిస్తాడు. అది ముట్టుకునే ముందు మమ్మల్ని రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కోమంటాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నాలుగు నెలల కిందట మా చెల్లి బొటనవేలికి సూది గుచ్చుకుంది. రక్తంలో జబ్బు చేరిందని పరీక్షలో తేలింది. మిగతావాళ్ల క్షేమం కోసమంటూ ఇస్త్రీ పెద్ద దాన్ని పనిలోంచి తీసేశాడు. మా క్షేమం మీద అంత బెంగ ఉంటే గ్లౌజులు కొనొచ్చుగా అని వంటింట్లో గిన్నెలు ఎత్తిపడేస్తూ అరిచాను. ఇంట్లో నాకు నోరు బాగానే లేస్తుంది.

చెల్లి మాత్రం రోజూ మోకరించి ఆయన కోసం ప్రార్థన చేసేది.

"వాడి కోసమా? నీకు మతి ఉందా?" అన్నాను ఒకరోజు.

"మనకి మంచి చేసినవాళ్ల కోసమైతే ఎవరైనా చేస్తారక్కా."

"చేసి ఏమడుగుతున్నావు?"

"గ్లౌజులు. మీ పదకొండుమందికి. ముందు నీకు."

"దేవుడేమన్నా గ్లౌజుల కొట్టు పెట్టాడా?"

నవ్వింది. ప్రార్థన చేసి ఊరుకునే రకం కాదది. మూడుసార్లు ఆఫీసుకెళ్లి ఆయన్నే అడిగింది. మూడుసార్లూ "చూద్దాం తల్లీ" అనే అన్నాడు.

మా చర్చిలో రొట్టె విరిచే ముందు పాస్టరుగారు ఒక మాట అడుగుతారు. "ఇక్కడ ఎవరికైనా ఎవరిమీదైనా మనసులో ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, సరిచేసుకుని బల్ల దగ్గరికి వద్దాం." అలా అడిగి, కళ్లు మూసుకుని, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి రొట్టె అందుకుంటారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఎవరూ జవాబు చెప్పలేదు. అది జవాబు కోసం అడిగేది కాదని పసిపిల్లలకి కూడా తెలుసు.

ఆ ఆదివారం చెల్లి లేచి నిలబడింది.

"నాకుందండి," అంది.

పాస్టరుగారి చేయి అప్పటికే రొట్టె మీద ఉంది. తియ్యాలో ఉంచాలో తెలియక అలాగే ఉంచేశారు.

"పెద్దగారూ, మిమ్మల్ని సిగ్గుపరచాలని కాదండి. నాకు జరిగింది నేను క్షమించేశాను. కానీ మిగతావాళ్ల చేతులు ఇంకా ఆ దుప్పట్లలోనే ఉన్నాయి. అది తెలిసి కూడా సరిచేసుకోకుండా మీరు ఈ గిన్నెలో తాగితే దేవుడి ముందు మీకు మంచిది కాదు. మీరంటే ప్రేమ ఉంది కాబట్టే చెప్తున్నా. గ్లౌజులు ఇస్తానని ఒక్క మాటనండి, ఇద్దరం కలిసి తాగుదాం."

గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టే అడిగింది.

ఇస్త్రీ పెద్ద నిదానంగా లేచాడు. "పాపం, జబ్బుతో ఉంది. నేనేమీ అనుకోను," అన్నాడు. తర్వాత మా బెంచీల వైపు తిరిగాడు. "నా దగ్గర పనిచేసే తల్లులందరూ ఇక్కడే ఉన్నారు. మీ చేతులకి ఏమైనా ఇబ్బందుందామ్మా? మొహమాటం వద్దు. ఉన్నవాళ్లు లేవండి."

చెల్లి నావైపు చూసింది. నేను లేస్తే మిగతావాళ్లూ లేస్తారని దానికి తెలుసు, నాకూ తెలుసు.

అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, చెల్లి మందులు, అన్నీ నా ఒక్క జీతం మీదే నడుస్తున్నాయి. ఆ క్షణంలో ఇవన్నీ ఆలోచించానని చెప్పుకుంటే వినడానికి బాగానే ఉంటుంది. నిజానికి ఏమీ ఆలోచించలేదు. భయం వేసింది, తల దించుకున్నాను. పదకొండుమందిలో ఒక్కరం కూడా లేవలేదు.

"అయితే కానివ్వండి పాస్టరుగారూ," అన్నాడు ఇస్త్రీ పెద్ద. పాస్టరుగారు గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని రొట్టె విరిచారు.

గిన్నె వరుసగా చేతులు మారుతూ వచ్చింది. అందరికంటే ముందు ఇస్త్రీ పెద్ద తాగాడు. చెల్లి పెదవులకి ఆనించకుండానే దాన్ని నాకు అందించింది. నేను తాగాను.

ఆరాధన అయ్యాక మెట్ల మీద చెల్లి నాకోసం ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. అది నా రెండు చేతులూ తీసుకుని, తిరగేసి, ఒక్కో వేలూ చూసింది.

"రేపు మెల్లగా తడుమక్కా," అంది. "తొందరపడకు."

దానికంటే చెంప మీద ఒకటి పీకినా బాగుండేది.